ఎవరు నేర్పారీ చెయ్యి

కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకోవాలి, జరిపితే కిర్రుమంటుంది, కిర్రుమంటే హాల్లో ఉన్న ఎనిమిది వందల మందీ వింటారు, అందుకని టీచరమ్మ జరపలేదు. పియానో ముందు కూర్చున్న మనిషికి ఎడం పక్కన, జానెడు వెనగ్గా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నల్లబట్టల్లో, లేనట్టే కూర్చుంది. పేజీలు తిప్పేవాళ్ళ పని అదే మరి, ఉండీ లేనట్టుండడం. పేజీలో ఆఖరి వరుస మొదలవగానే లేవాలి, ఎడం చేత్తో పైమూల పట్టుకోవాలి, చేతి నీడ స్వరాల మీద పడకూడదు, వాయించే మనిషి తల ఇంతే ఇంత ఊపగానే ఒక్క తిప్పు, రెండు కాగితాలు కలిసొచ్చాయా కొంప మునిగిందే, ఆ తర్వాత మళ్ళీ చప్పుడు లేకుండా కూర్చోవాలి. చప్పట్లప్పుడు లేవకూడదు, నవ్వకూడదు, ఆ చప్పట్లు తనవి కావు. ఇవన్నీ తెలిసినవే. తెలియనిదల్లా తన గుండె ఇంత గట్టిగా ఎందుకు కొట్టుకుంటోందన్నదే. వాయించేది పిచ్చుక, చెమటలు తనకి.

పిచ్చుక అన్న పేరు బయట గోడలకి అంటించిన కాగితాల మీద ఉండదు. అక్కడ పెద్దక్షరాల్లో అసలు పేరుంది, దేశాలు తిరిగొచ్చిన పేరు, టీచరమ్మ నోటికి ఎప్పుడూ అలవాటు కాని పేరు. తొమ్మిదేళ్ళప్పుడు ఇద్దరూ ఒకే మాస్టారి దగ్గర చేరారు, పొట్టిగా, బిక్కుబిక్కుమంటూ ఉండేది పిచ్చుక అయింది, గుమ్మం తలకి తగిలేలా ఎదుగుతూ పోయినది పొడుగు అయింది. పొడుగు ఇప్పుడు వీధిలో పిల్లలకి పియానో చెప్పే టీచరమ్మ. ఏటా మూడు నెలలు ఈ హాల్లో సంగీతం సీజను, శనివారం సాయంత్రాలు కచేరీలు, ఆ పొద్దున్నే వచ్చిన కళాకారులు పిల్లలకి చెప్పే మాస్టర్ క్లాసులు, ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చునే సంగీతం, చంటిపిల్లలు ఏడ్చినా, మధ్యలో లేచి పరిగెత్తినా ఎవరూ ఉరిమి చూడరు. టీచరమ్మది ఆ ఆదివారం. నలభైమంది పిల్లల్ని కింద కూర్చోబెట్టి చప్పట్లతో లయ నేర్పడం. ఈసారి మాత్రం రేపటి ఆదివారానికి కార్యక్రమాల పుస్తకంలో పంతొమ్మిదో పేజీలో, అడుగున, చిన్నక్షరాల్లో, ఒకే పియానో మీద తల్లీకూతుళ్ళ నాలుగు చేతులు అని వేశారు. పాతికేళ్ళ తర్వాత పేరు అచ్చులో చూసుకుంది. భర్తది కళ్ళజోళ్ళ షాపు, చూపు పరీక్షకి వచ్చినవాళ్ళందరి చేతా వారం రోజులుగా ఆ పేజీ అడుగునే చదివిస్తున్నాడు. చదవగలిగితే అద్దాలు అక్కర్లేదంటాడు, చదవలేకపోతే తనే చదివి వినిపిస్తాడు.

తల ఊగింది. లేచింది, తిప్పింది, కూర్చుంది. మొదటి భాగం ఇంకా సగం కూడా కాలేదు. ఎంత శుభ్రంగా వాయిస్తోంది ఇది, ప్రతి స్వరమూ కడిగి ఆరేసినట్టు, ఎప్పుడూ ఇంతే, మాస్టారు తన ముందే అనేవారు, చూడవే పొడుగూ, ఒక్క మరక లేదు అని. మరక. పొద్దున మాత్రం మరక పడింది, తన మొహం మీద, రెండు వందల మంది చూస్తుండగా. ఆలోచించకూడదు, పేజీ చూడు, వరుసలు చూడు, మూడో వరుస, నాలుగో వరుస. మూడో వరుసలోనే కూర్చుంది తను పొద్దున, మాస్టర్ క్లాసులో. కూతురు వేదిక మీద, పదిహేనేళ్ళ పిల్ల, జుట్టు గట్టిగా ముడేసుకుని, తను కుట్టిన నీలం గౌను వేసుకుని. పట్టుమని రెండు వరుసలు వాయించిందో లేదో పిచ్చుక లేచి వచ్చింది.

"ఆగమ్మా. ఏదీ, ఆ చెయ్యి ఇటివ్వు."

కుడిచేతి మణికట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపబోయింది. ఊగలేదు. కర్రలా ఉంది.

"నొప్పి పుడుతోందా?"

"లేదండీ."

"నిజంగా?"

పిల్ల మూడో వరుసకేసి చూసింది. అప్పుడు అడిగింది పిచ్చుక, గొంతు పెంచకుండానే, మైకు పెంచింది దాన్ని. "ఎవరు నేర్పారీ చెయ్యి?"

"మా అమ్మ."

హాలంతా గొల్లుమంది. చెడ్డగా నవ్వలేదెవరూ, పిల్ల చెప్పిన తీరుకి నవ్వారు, ఇంట్లో గాజుగ్లాసు ఎవరు పగలగొట్టారంటే చెప్పినట్టు చెప్పింది మరి. పిచ్చుక నవ్వలేదు. "ఇలాగే వాయించావంటే ముప్ఫై ఏళ్ళొచ్చేసరికి చెంచా కూడా పట్టుకోలేవు" అంది, అని తలెత్తి వరుసలన్నీ వెతికి వెతికి తనని చూసింది. గుర్తుపట్టింది. మొహంలో ఏదో మారింది, ఏమిటో అంత దూరం నుంచి తెలీలేదు. ముందు వరుసలో తన దగ్గరికే పిల్లల్ని పంపే ఇద్దరు తల్లులు వెనక్కి తిరిగి చూశారు. నేల చీలితే బావుండుననిపించింది, నేల చక్కగా పాలిష్ చేసి ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగేసరికి ముగ్గురూ భోజనాల దగ్గరే ఉన్నారు, భర్త ఒక జోకు వేశాడు, అది బల్ల మీదే చల్లారిపోయింది. హాలు మేనేజరు. పేజీలు తిప్పే అమ్మాయికి జ్వరమండీ, ఆవిడ మీరే కావాలంటున్నారండీ, మూడో వరుసలో పొడుగ్గా కూర్చున్నావిడ అన్నారు, మీరేగా. కాదనడానికి ఏమీ తోచలేదు. కాదంటే ఉడుక్కుందంటారు. వెళ్తే అవమానం మింగిందంటారు. తెర వెనక గదిలో ఎదురుపడ్డప్పుడు కూడా పిచ్చుక పొద్దుటి మాట ఎత్తలేదు, ఎలా ఉన్నావు అనలేదు, స్వరాల నోట్సు పుస్తకం చేతిలో పెట్టి, "రెండో భాగంలో తొందరపడకు. మూడో భాగం మొదటి సగం రెండుసార్లు వాయిస్తా. అక్కడ రెండు కాగితాలు వెనక్కి తిప్పాలి, మర్చిపోకేం" అంది, అంతే. పాతికేళ్ళ తర్వాత ఆ మాటలు. సరేలే అనుకుంది టీచరమ్మ, నౌకరుతో మాట్లాడినట్టు మాట్లాడింది, పెద్దదైపోయింది.

మొదటి భాగం అయింది. హాల్లో దగ్గులు, కుర్చీల సర్దుబాటు, ఎక్కడో కాగితం చుట్టిన బిళ్ళ విప్పిన చప్పుడు. పిచ్చుక చేతులు ఒళ్ళో పెట్టుకుంది, కుడిచేతిని ఎడంచేత్తో మూసి. అలా మూయడం చలికి కాదు. చలేస్తే రెండు చేతులూ రుద్దుకుంటారు. ఇది ఒకదాన్నొకటి పట్టుకోవడం, దారిలో చంటిపిల్ల తప్పిపోకుండా పట్టుకున్నట్టు. టీచరమ్మ చూపు అక్కడే ఆగింది.

రెండో భాగం నెమ్మది. తొందరపడకు అంది కదా. నెమ్మదిగా సాగే సంగీతంలో పేజీ ఎంతసేపటికీ అయిపోదు, చూడ్డానికి బోలెడంత తీరిక, ఆ తీరికలో కనిపించింది, నల్ల గౌను చేతి కిందనుంచి ఒంటిరంగు పట్టీ అంచు, మణికట్టు చుట్టూ, బొటనవేలి మొదలు దాకా. తర్వాత నోట్సు మీద పెన్సిలు రాతలు. ఇంతవరకూ చూస్తూనే ఉంది, చదవలేదు. ఇక్కడ ఎడమ. ఇక్కడ పై స్వరం వదిలెయ్. ఇక్కడా ఎడమ. నాలుగో వేలు వద్దు. చెరిపి రాసినవి, మళ్ళీ చెరిపి రాసినవి, కాగితం పల్చబడేదాకా. కుడిచెయ్యి చెయ్యాల్సిన పనంతా కొంచెం కొంచెంగా ఎడంచేతికి పంచి పెట్టేసింది, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోకపోతే మిగతావాళ్ళు చడీచప్పుడు లేకుండా పనులు అందుకున్నట్టు. వింటున్నవాళ్ళకి తెలీదు. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. పక్కన ఎవర్ని కూర్చోబెట్టుకుందో మరి.

ఎవరు నేర్పారీ చెయ్యి. మాస్టారు. ఇంకెవరు. మేడమీద గది, ఎండాకాలం కూడా మూసి ఉండే కిటికీ, పొగాకు వాసన వేసే కోటు, మణికట్టు మీద రబ్బరుముక్క పెట్టేవారు, వాయిస్తున్నంతసేపూ అది కదలకూడదు, పడిపోతే మొదటినుంచీ. గంట, రెండు గంటలు. పిచ్చుక రబ్బరుముక్క ఎప్పుడూ పడేది కాదు. తనది పడేది, ఇద్దరూ వెళ్ళాల్సిన పోటీకి ఇంక నెల రోజులుందనగా తన కుడిచెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది, పొద్దున్నే జడ వేసుకోవాలంటే అమ్మ వేసేది. లాగుతోందండీ అంటే, లాగితేనే వేళ్ళు దారికొస్తాయి అన్నారు మాస్టారు. ఇంకో వారానికి స్వరాలు తప్పిపోతూంటే, నోట్సు మూసి, కోపం కూడా లేకుండా, నీకు ఓపిక లేదే పొడుగూ, దానికి ఉంది, అన్నారు. అంతే. ఆ రెండు మాటలే తన జీవితం అయ్యాయి. ఓపిక లేని మనిషి ఏం చేస్తుంది, వీధిలో పిల్లలకి చెబుతుంది. ఓపిక లేని మనిషి తన కూతురికి మాత్రం ఆ లోటు రానివ్వకూడదు అనుకుంటుంది. అందుకే రబ్బరుముక్క.

అమ్మా, చెయ్యి లాగుతోంది.

ఎప్పుడంది ఆ మాట? రెండేళ్ళ కిందట. సాయంత్రం, దీపం ఇంకా వెయ్యలేదు, పిల్ల వాయించడం ఆపి మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది, తను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏమంది? లాగితేనే వేళ్ళు దారికొస్తాయి. అవే మాటలు. మాటలే కాదు, ఆ గొంతు కూడా, చివర్లో కాస్త కిందకి దింపే ఆ గొంతు. ఆ తర్వాత పిల్ల మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోతే తగ్గిపోయిందనుకుంది. తగ్గిపోయిందని తనకెవరు చెప్పారు? బడిసంచీ ఎడం భుజానికి మారింది. సీసా మూతలు నాన్న చేతికిచ్చి తీయించుకుంటోంది. మధ్యాహ్నం మంచినీళ్ళ గ్లాసు ఎడం చేత్తో ఎత్తింది, రెండు జానల దూరంలో కూర్చుని చూసింది తను, చూసి, అలిగింది అనుకుంది. పొద్దున రెండు వందల మంది ముందు తన పరువు పోయిందని కుమిలిపోతోంది కానీ, ఆ పిల్ల నొప్పి లేదని అబద్ధం చెప్పే ముందు ఎవరి మొహంలోకి చూసింది? తన మొహంలోకి. అనుమతి కోసం.

తల ఊగిందా? ఊగింది. ఒక క్షణం ఆలస్యంగా లేచింది, తిప్పింది, స్వరం మాత్రం తడబడలేదు. ఏడవడానికి ఇది చోటు కాదు. కళ్ళల్లో నీళ్ళొస్తే వరుసలు అలుక్కుపోతాయి.

మూడో భాగం వేగం. ఇక ఆలోచనలకి సందు లేదు, పేజీలు ఊపిరాడకుండా అయిపోతున్నాయి, లేవడం, కూర్చోవడం మానేసి నిలబడే ఉంది. కుడిచేతికి ఎనిమిదేసి స్వరాల దూరం దూకుళ్ళు, ఒకదాని మీద ఒకటి, వీటిని ఎడంచేతికి ఇవ్వడం కుదరదు, ఎడంచేతి పని దానికుంది. పిచ్చుక మెడ నరం ఉబ్బింది. పట్టీ అంచు తడిసింది. బొటనవేలు ప్రతి దూకుడికీ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతోంది, ఎనిమిది వందల మందిలో ఎవరికీ తెలీదు, కానీ రెండోసారి కూడా ఇదంతా వాయిస్తే తెలుస్తుంది. మొదటి సగం అయిపోవస్తోంది. వెనక్కి వెళ్ళాల్సిన గుర్తు పేజీ అడుగున, రెండు చుక్కలు, గీత. టీచరమ్మ చెప్పినట్టే రెండు కాగితాలూ వేళ్ళ మధ్య సిద్ధంగా పట్టుకుంది. ఇంక నాలుగు ఆవర్తాలు, మూడు. పిచ్చుక తల ఊపబోతోంది, ఎటు తిప్పమని మాత్రం చెప్పదు, చెప్పడానికి వ్యవధి లేదు, ముందే చెప్పింది కదా, వెనక్కని.

అప్పుడు ఊపిరి వినబడింది. మళ్ళీ ఎక్కబోయే మనిషి తీసే ఊపిరి కాదది, బరువు దించేసే మనిషి వదిలే ఊపిరి. పదకొండేళ్ళు ఒకే బల్ల మీద ఆ ఊపిరి పక్కన కూర్చుంది తను. చేతిలోని కాగితాలు వదిలేసింది, అవతలి మూల అందుకుంది, ముందుకి తిప్పింది.

తప్పయితే? తప్పయితే చేతులు వెనక పేజీలో ఉంటాయి, కళ్ళు ముందు పేజీలో ఉంటాయి, సంగీతం ఎనిమిది వందల మంది ఎదుట ఆగిపోతుంది, ఇంక జీవితంలో ఈ హాలు గుమ్మం తొక్కక్కర్లేదు. అంతా అనుకోవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. పిచ్చుక చేతులు రెండో సగంలోకి దిగాయి, అదే వేగం, అదే శుభ్రం, ఎవరూ ఏమీ గమనించలేదు, ఎవరో పిల్లాడు మాత్రం పైన బాల్కనీలో తుమ్మాడు. టీచరమ్మ తర్వాతి పేజీ మూల పట్టుకుంది. నిలబడే ఉంది.

చప్పట్లు. జనం లేచారు. పిచ్చుక వంగి నమస్కరించింది, ఎడంచెయ్యి పియానో మీద ఆనించి, కుడిచెయ్యి గౌను మడతల్లో దాచి. మూడుసార్లు పిలిచారు, మూడుసార్లు వెళ్ళింది, ఇంకొకటి వాయించమన్నారు, నవ్వి తల అడ్డంగా ఊపి వచ్చేసింది. తెర వెనక మసక వెలుతురులో ఇద్దరే మిగిలారు. మేనేజరు నీళ్ళు తెస్తానని వెళ్ళాడు.

"ఎలా తెలిసిందే?" అంది పిచ్చుక.

"ఊపిరి వదిలావు."

"అందుకే నిన్ను పిలిపించా."

"ముందే చెప్పొచ్చుగా, ఒకసారే వాయిస్తానని."

"చెబితే చెయ్యి వింటుందే. వింటే మొదట్నుంచే మొండికేస్తుంది." గోడకి ఆనుకుని పళ్ళతో పట్టీ చివర పట్టుకుని విప్పుకుంది. మణికట్టు లోపలివైపు రెండు పాత గాట్లు, తెల్లగా. "రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ సీజనుతో సరి. తర్వాత చెప్పడమే, వాయించడం లేదు."

టీచరమ్మ ఆ గాట్లకేసి చూసింది. పిచ్చుకే మళ్ళీ అంది. "పొద్దున నీ కూతురని తెలీదు. ఆ మణికట్టు చూడగానే, మాస్టారు ఇంకా బతికే ఉన్నారా అనిపించింది. ఒళ్ళు మండిపోయింది. అడిగేశాను. మా అమ్మ అనేసరికి... మైకులో అనాల్సింది కాదు. క్షమించవే."

"నాకు ఓపిక లేదన్నారు ఆయన. ఇన్నేళ్ళూ అదే నమ్మాను."

"నీ చెయ్యి తెలివైంది, ముందే ఆగిపోయింది. నాది మొద్దుది." గాట్లమీద వేలు రాసుకుంది. "అదింకా పదిహేనేళ్ళ పిల్ల. మానుతుంది. సోమవారమే డాక్టరుకి చూపించు, నేను పేరు రాసిస్తా. ఆరు నెలలు పియానో మూత తీయనీకు. ఏడిస్తే ఏడవనీ."

"నాకు చెప్పదేమోనే. నేను అడిగితే చెప్పదు."

"అలా అనుకుంటూ ఇక్కడే నిలబడతావా?" అంది పిచ్చుక. చిన్నప్పుడు ఇలాగే కసిరేది, తనలో సగం కూడా లేని మనిషి.

బయట హాలు వాకిట్లో జనం మెట్లమీదనుంచి గుంపులు గుంపులుగా దిగుతున్నారు. వచ్చేటప్పుడు అప్పగించిన కోట్లు తిరిగి తీసుకునే వరుస పక్కన భర్తా, కూతురూ నిలబడి ఉన్నారు, ఆయన ఏదో చెబుతున్నాడు, పిల్ల వింటున్నట్టు నటిస్తోంది. టీచరమ్మని చూడగానే ఆయన మొహం వెలిగింది. "భలే తిప్పావోయ్! ఒక్క పేజీ చిరగలేదు" అన్నాడు. ఆవిడ మొహం దగ్గరగా చూశాక గొంతు తగ్గించి, "కోట్లు నేను తెస్తాలే" అని వరుస చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

దారిలో ఎన్ని మాటలు సిద్ధం చేసుకుందో. మాస్టారి గది, రబ్బరుముక్క, తన చెయ్యి మొద్దుబారడం, అన్నీ మొదటినుంచి చెబితే అర్థం చేసుకుంటుందని. పిల్ల ఎదురుగా నిలబడేసరికి అవన్నీ తన వైపు సాక్ష్యాల్లా కనిపించాయి. వదిలేసింది.

"నేను నీకు తప్పు నేర్పాను తల్లీ."

పిల్ల ఆవిడ బూట్లకేసి చూసింది. తర్వాత, "పొద్దున ఆవిడ అడిగితే లేదన్నాను" అంది.

"నా మొహం చూసి అన్నావు."

ఎవరో పెద్దాయన క్షమించాలమ్మా అంటూ ఇద్దరి మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళాడు.

"రేపు వాయించద్దు," అంది టీచరమ్మ.

"అచ్చయిపోయిందిగా."

"అయితే అయింది."

"అమ్మా, నువ్వెంతో..." పిల్ల ఆగిపోయింది. "నాన్న షాపులో అందరికీ చూపించేశారు."

"చూపించనీ. నేనొక్కదాన్నే వెళ్ళి పిల్లలతో చప్పట్లు కొట్టించి వచ్చేస్తా. నువ్వు ముందు వరుసలో కూర్చో. లేకపోతే ఇంట్లో నిద్రపో."

పిల్ల నవ్వబోయి ఏడ్చింది, లేక ఏడవబోయి నవ్విందో, మొహం మోచేతిలో దాచుకుంది, ఎడం మోచేతిలో. టీచరమ్మ ఆ కుడిచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది, బరువే లేదు. మోచేతికి నాలుగు వేళ్ళ కింద, లోపలివైపు, తన బొటనవేలు తిన్నగా అక్కడికే వెళ్ళింది, అక్కడ ఎలా ఉంటుందో తనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. మెల్లగా నొక్కింది. "ఇక్కడేగా?"

"కాదు."

"ఇక్కడ కాదూ?"

"అక్కడేం లేదమ్మా." పిల్ల కళ్ళు తుడుచుకుని, తల్లి బొటనవేలు పట్టుకుని కిందకి జరిపింది, మణికట్టు దాటించి, బొటనవేలి మొదట్లో పల్లం దగ్గర ఆపింది. "ఇక్కడ. మొదలయ్యేదిక్కడ. తర్వాత పైకి పాకుతుంది."

"ఎప్పట్నుంచి?"

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది, పొద్దున చూసినట్టే, చాలాసేపు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది, టీచరమ్మ వేలు అక్కడినుంచి తియ్యకుండా, మధ్యలో ఒక్క మాటా అడ్డం రానివ్వకుండా విన్నది.